వినే మీట లేని టెస్టర్

పదకొండేళ్ళుగా ఒక మనిషి చెవిని అబద్ధం చేసి బతుకుతున్నాను.

చెయ్యి విరగ్గొడితే కట్టు కట్టేవాళ్ళు ఉంటారు. కాలు విరగ్గొడితే కేసు పెట్టేవాళ్ళు ఉంటారు. చెవి విషయంలో అలాంటివేం ఉండవు. రక్తం రాదు, మచ్చ పడదు. అందుకేనేమో ఇన్నాళ్ళూ సుఖంగా తిని తిరిగాను. సుఖంగా అని ఎందుకన్నానో నాకే తెలీదు. తిన్నాను, తిరిగాను. అంతవరకే నిజం.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళకి చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఒకసారి భవానీపురంలో మా ఇంటి డాబా మీద మా ఆవిడ ఆరేసిన బట్టలు తీస్తుంటే వెనకాలే వెళ్ళి నిలబడ్డాను. ఏంటండీ ముఖం అలా పెట్టారు అని అడిగింది. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రావట్లేదు అన్నాను. పాపం, కిందికి వెళ్ళి మాత్రా మంచినీళ్ళూ తెచ్చింది. మింగాను. పొద్దున్నే ఒకటి వేసుకున్నాను, అది రెండోది. నా సంగతి ఇలా ఉంటుంది.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, దానికి కారణం ఒక కాగితం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, హోటళ్ళలో ఫోను వైరింగు చేయటం నా పని. చేతుల్తో చేసే రోజులు పోయి ఇప్పుడు సూపర్‌వైజర్నయ్యాను. పోయిన వారం మా మేనేజరు పిలిచి, పనివాళ్ళందరికీ కొత్త లైన్ టెస్టర్లు కొనాలి, ఏది కొంటే మంచిదో ఒక పేజీ రాసివ్వండి, మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు అన్నాడు. కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం బాగానే వచ్చింది: కింద పడినా పగలని రబ్బరు తొడుగు ఉండాలి. రెండో వాక్యం రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మీకు అర్థం కావాలంటే ముందు టెస్టర్ అంటే ఏంటో చెప్పాలి.

కరెంటువాళ్ళ దగ్గరుండే స్క్రూడ్రైవరు లాంటిది కాదు. ఇది చేతిలో పట్టేంత ఫోను. దాని తీగ చివర మొసలి నోరులా కరిచి పట్టుకునే రెండు క్లిప్పులుంటాయి. ఏ పెద్ద కట్టడంలోనైనా ఫోను తీగలన్నీ వచ్చి ఒక గోడపెట్టెలో కలుస్తాయి. రెండేసి తీగలు ఒక జత. ఒక్కో జత ఒక్కో ఫోను. ఏ జత ఎవరిదో తెలియాలంటే ఆ క్లిప్పులు తగిలించి, టెస్టర్ చెవిన పెట్టుకుని వినాలి. చెప్పుకుంటే ఇంతే పని.

ఆ పని నాకు నేర్పింది రంగారావు బాబాయి. సొంత బాబాయి కాదు. ఫోన్ల డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరై, సొంతంగా వైరింగు కాంట్రాక్టులు పట్టేవాడు. నేను చేరిన మొదటి రోజు గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ కాంప్లెక్సుకి తీసుకెళ్ళాడు. మెట్ల కింద, చీపుళ్ళ పక్కన, దుమ్ము పట్టిన పెట్టె. తలుపు తీసి, క్లిప్పులు ఒక జతకి తగిలించి టెస్టర్ నా చెవికి పెట్టాడు. ఎవరో పెద్దాయన గుంటూరు మిరపకాయల గురించి బేరమాడుతున్నాడు. పక్క జతకి మార్చాడు. ఒకావిడ ఎవర్నో అన్నం తిన్నావా అని అడుగుతోంది. ఇంకో జత. అక్కడ ఎవరూ మాట్లాడట్లేదు, కానీ ఇద్దరున్నారు. అలిగారో ఏడుస్తున్నారో, ఇద్దరూ ఫోను పెట్టెయ్యకుండా అలా ఉండిపోయారు.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. వెంట్రుకంత తీగలు. వాటిలో ఇంతమంది. బయట ఆటోలు, హారన్లు, మూటలు మోసే కూలీల కేకలు. ఈ మెట్ల కింద, చీపుళ్ళ పక్కన, ఊరి లోపలి మాటలన్నీ పారుతున్నాయి. కనకదుర్గమ్మ కొండెక్కినా నాకెప్పుడూ అంత భయభక్తులు కలగలేదు. నిజం చెప్తున్నా, ఆ రోజు నా చెప్పులు విప్పేద్దామా అనిపించింది.

బాబాయి టెస్టర్ లాగేసుకుని నా నెత్తిన ఒక్కటిచ్చాడు. మాట వినపడగానే తీసెయ్యాలిరా, మనకి జత ఎవరిదో కావాలి గానీ వాళ్ళ గోల కాదు అన్నాడు. తర్వాత టెస్టర్ పక్కనున్న మీట చూపించాడు. దానికి మూడు చోట్లు. ఒకవైపు తోస్తే వినటం. మధ్యలో ఉంటే ఆగటం. ఇంకోవైపు మాట్లాడటం. వినే వైపు పెడితే మనం తగులుకున్నట్టు లైనుకే తెలియదు, ఎవరి మాటకీ అడ్డం రాదు. మాట్లాడే వైపు పెడితే ఆ ఫోను ఎవరో ఎత్తి పట్టుకున్నట్టే లెక్క. బయటి నుంచి చేసేవాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. అందుకని ముందు విని, ఖాళీ అని తేల్చుకున్నాకే మాట్లాడే వైపుకి రావాలి. పని మొత్తంలో ఆయన నాకు పదే పదే చెప్పింది ఇదొక్కటే.

ఇక ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ పేరు కరుణమ్మ గారు. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఆసుపత్రి పేరు చెప్పను. ఆ వైరింగు కాంట్రాక్టు బాబాయిది. కరుణమ్మ గారికి పుట్టుకతో చూపు లేదు. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చి, మడతపెట్టే కర్రతో గేటు దాటి, మెట్లు లెక్కపెట్టకుండానే ఎక్కి, ఫోన్ల బోర్డు ముందు కూర్చునేవారు. కూర్చున్నాక జేబురుమాలుతో హెడ్‌సెట్ తుడిచి, రెండు నిమిషాలు తల వంచి ప్రార్థన చేసుకునేవారు. ఆ తర్వాత మొదలయ్యేది.

ఎలా చెప్పాలో తెలియట్లేదు. రెండొందల నంబర్లు ఆవిడకి నోటికొచ్చు. అది పెద్ద విషయం కాదు, అలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. అవతలివాళ్ళు హలో అనకముందే వాళ్ళెవరో చెప్పేవారు. మనిషి మాట్లాడబోయే ముందు ఏదో చిన్న చప్పుడు చేస్తాడట, గొంతు సర్దుకోవటమో నాలుక కదపటమో. అది చాలట. పిల్లల డాక్టరుగారికి జ్వరమని ఆయన కంటే ముందు ఆవిడకి తెలిసేది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మేము అక్కడుండగా, మావైపు వాన మొదలైందండీ, మా చెల్లెలు బట్టలు తీసిందో లేదో అన్నారు. కంకిపాడు నుంచి వచ్చిన లైనులో చిటపటలు విన్నారట. కిటికీలోంచి చూస్తే ఇక్కడ ఎండ మండిపోతోంది. సాయంత్రం బస్సులో వచ్చినవాళ్ళు తడిసి దిగారు.

అన్నిటికంటే నన్ను నివ్వెరపరిచింది ఇంకోటి. ఒకరోజు బాబాయి కింద గోడపెట్టె దగ్గర, నేను ఆవిడ గదిలో. బాబాయి తన టెస్టర్ వినే వైపు పెట్టి ఆవిడ లైనుకి తగిలించాడు. వినే వైపు పెడితే లైనుకే తెలియదని చెప్పాను కదా. ఆవిడ తల కొంచెం పక్కకి వంచి, రంగారావు గారూ, నిదానంగా చూసుకోండి, నాకు తొందరేం లేదు అన్నారు. నేను మెట్లు దిగి వెళ్ళేసరికి బాబాయి టెస్టర్ వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి చెవి చూడలేదురా, ఇది మన లెక్కకి అందేది కాదు అన్నాడు.

ఈ సంగతి ఎందుకంత వివరంగా రాశానో చూశారా? ఆవిడ చెవి పొరపాటు పడదని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ మరుసటి ఏడు నాకు సొంతంగా టెస్టర్ కొనుక్కోమన్నాడు బాబాయి. గవర్నర్‌పేటలో షాపువాడు గాజుబల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి పసుప్పచ్చది, ఇటుకంత లావు, మోటు రబ్బరు, పక్కన మూడు చోట్ల మీట. అచ్చం బాబాయి దగ్గరున్నదానిలాగే. రెండోది సన్నగా, నల్లగా, మెరుస్తూ ఉంది. చిన్న తెర, అందులో నీలం వెలుగు, నొక్కిన నంబరు కనపడుతుంది. ధరలో పెద్ద తేడా లేదు. డబ్బు దగ్గర కక్కుర్తి పడ్డానని మీరనుకుంటే అదీ కాదు. ఆ నీలం వెలుగు చూస్తే నాకు మోజు పుట్టింది. ఆ తెర ఉన్నది నడుముకి తగిలించుకుని ఆఫీసుల్లోకి వెళితే నన్ను ఇంజనీరు అనుకుంటారనిపించింది. పైన పటారం లోన లొటారం అంటారే, సరిగ్గా అది.

దానికి వినే మీట లేదు. ఉన్నది ఒకటే బటను, ఆన్, ఆఫ్. ఆన్ చేస్తే లైను ఎత్తినట్టే. నేను షాపువాణ్ణి అడిగాను కూడా. వాడు మ్యూట్ బటను చూపించి, ఇది నొక్కితే మీ మాట అవతలికి పోదు సార్, అదీ ఇదీ ఒకటే అన్నాడు. నాకు కావాల్సిన జవాబు అదే కాబట్టి సరే అనుకున్నాను. మ్యూట్ అంటే మన నోరు మూసుకోవటం. నోరు మూసుకున్నంత మాత్రాన బస్సులో సీటు ఖాళీ అవుతుందా? కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. ఇంత చిన్న విషయం ఆ రోజు నాకు తట్టలేదంటే మీరు నమ్మకండి. తట్టింది. పక్కకి నెట్టాను.

వినే మీట ఉందా అని బాబాయి అడిగాడు. ఉంది అన్నాను. చూపించమని అడగలేదు. నన్ను నమ్మాడు.

ఇంకో నెలకి ఆ ఆసుపత్రిలోనే ఆడవాళ్ళ వార్డు ఫోన్లు మార్చాల్సి వచ్చింది. బాబాయికి వేరే పనుండి నన్నొక్కణ్ణే పంపాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. గోడపెట్టె మీద చీటీలు ఎప్పటివో, సగం చెరిగిపోయాయి. నాకు ఒక ఖాళీ జత కావాలి. ఒకదానికి క్లిప్పులు తగిలించి ఆన్ చేశాను. డయల్ టోను వచ్చింది, మాటల్లేవు. ఇదే ఖాళీ జత అనుకున్నాను. మ్యూట్ నొక్కి, టెస్టర్ని క్లిప్పుల మీద అలాగే వేలాడేసి, దాని అవతలి కొస ఎక్కడుందో వెతకటానికి మూడో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ వార్డు సిస్టరు టీ ఇచ్చింది. తాగుతూ కొత్త టెస్టర్ గురించి గొప్పలు చెప్పాను. ఎంతసేపు? పావుగంట అని నాకు నేను చెప్పుకుంటాను. ఇంకా ఎక్కువే అయ్యుంటుంది.

ఆ జత ఖాళీది కాదు. డ్యూటీ డాక్టరుగారి విశ్రాంతి గదిది. వెనక బ్లాకులో పాత కట్టడం, సెల్ సిగ్నల్ అందని గది. డాక్టరుగారిని పిలవాలంటే ఆ ఫోనొక్కటే.

కిందికి వచ్చి పెట్టె ముందు నిలబడ్డాను. వేలాడుతున్న టెస్టర్‌లోంచి సన్నగా మాట వస్తోంది. ఎంగేజ్‌లో ఉన్న లైనులోకి కూడా ఆపరేటరు జొరబడి మాట్లాడొచ్చు, అలాంటి వీలు ఉంటుంది. కరుణమ్మ గారి గొంతు. మెట్ల కింద ఆ చీకట్లో, నీలం వెలుగు పక్కన, ఆ గొంతు నా కోసమే వచ్చినట్టుంది.

ఎవరండీ లైను మీద, అంటున్నారు. మీరున్నారని నాకు తెలుస్తోందండీ. ఎవరైనా సరే, దయచేసి వదిలెయ్యండి. లేబర్ రూములో డాక్టరుగారు కావాలి.

మ్యూట్ తీసి, క్షమించండమ్మా, నేనే అంటే సరిపోయేది. ఒక్క మాట. నేను అనలేదు. నిలబడ్డాను. పది సెకన్లో, ఇంకా ఎక్కువో. టెస్టర్ మ్యూట్‌లో ఉంది కాబట్టి నా ఊపిరి అవతలికి పోదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టాను. తర్వాత క్లిప్పులు పీకేసి, టెస్టర్ సంచిలో దాచి, పెట్టె తలుపు వేశాను.

కరుణమ్మ గారు అప్పటికే ఒక ఆయాని వెనక బ్లాకుకి పరిగెత్తించారు. డాక్టరుగారు వచ్చేసరికి ఆలస్యమైంది. పాప పుట్టగానే ఏడవలేదట. వారంపాటు అద్దాల పెట్టెలో ఉంచారు. బతికింది. తల్లీ బతికింది. ఆయాని పంపాలని ఆవిడకి తట్టకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. ఆలోచించనని రాశాను గానీ, ఆ పాప ఇప్పుడు ఏ బడిలో చదువుతోందో అని వెతుక్కోని ఏడాది లేదు.

బంధువులు గొడవ చేశారు. న్యాయమే. మూడోరోజు ఆసుపత్రి పాలన చూసే ఏవోగారు అందర్నీ తన గదికి పిలిచారు. డాక్టరుగారు ఫోను ముట్టుకోలేదన్నారు, అది నిజం. కరుణమ్మ గారు ఎంగేజ్ వచ్చిందన్నారు, అదీ నిజం. రెండు నిజాలూ ఒక గదిలో ఇమడలేదు. అప్పుడు ఆవిడ, లైను మీద ఎవరో ఉన్నారండీ, మాట్లాడలేదు, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు అన్నారు. ఏవోగారు నవ్వారు. ఊపిరి తీస్తే వినపడిందంటే నమ్ముతానమ్మా, బిగబడితే వినపడటమేంటి అన్నారు. గదిలో ఇంకొందరు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మ్యూట్‌లో ఉన్న మైకు దాటి, రెండు అంతస్తుల తీగ దాటి, నేను తియ్యని ఊపిరిని ఆవిడ విన్నారు. ఎలా విన్నారో నాకు ఇప్పటికీ తెలీదు. లైను మీద బరువు పడితే శబ్దం కొంచెం డొల్లగా మారుతుంది, అది కావచ్చు. కానీ అది బిగబట్టిన ఊపిరి అని చెప్పారు చూడండి, దానికి ఏ లెక్కా లేదు. దేవుడి ముందు నిలబడితే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. దేవుడు తెల్లచీర కట్టుకుని, మడత కర్ర ఒళ్ళో పెట్టుకుని, నేనున్న వైపు కాకుండా గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

లైన్లు చూసేవాడివి నువ్వే కదా, ఏం జరిగిందో రాసివ్వు అన్నారు ఏవోగారు. రాశాను. లైనులో ఏ లోపమూ లేదు, ఆపరేటరు పొరపాటున వేరే నంబరు నొక్కి ఉండవచ్చు. సంతకం పెట్టాను. ఆ "ఉండవచ్చు" అనే మాట మీద ఎంతసేపు కూర్చున్నానో. నొక్కారు అని రాస్తే అబద్ధం. ఉండవచ్చు అంటే అబద్ధం కాదుగా? అలా నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆ మాట చదివినవాళ్ళెవరూ దాన్ని ఉండవచ్చు అని చదవలేదు.

బోర్డు మీద చూపున్న మనిషే ఉండాలని తీర్మానించారు. ఆవిణ్ణి స్టోరు గదికి మార్చారు. గాయాలకి కట్టే గాజుగుడ్డ మడతలు పెట్టే పని. జీతం అంతే, ఏం తగ్గించలేదు. అదేదో పెద్ద దయ అన్నట్టు అందరూ చెప్పుకున్నారు.

ఎందుకు చేశాను? కాంట్రాక్టు పోతుందనా? బాబాయికి తెలిస్తే తంతాడనా? పోలీసులనా? అన్నీ ఉన్నాయి. కానీ తిరగేసి మరగేసి చూసుకుంటే అడుగున ఉన్నది చాలా చిన్నది. ఆ నల్ల టెస్టర్ కొనటం తప్పని ఒప్పుకోవాలి. దానికంటే ఆవిడ చెవి తప్పనటం నాకు తేలికయింది. ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరికీ చెప్పలేనిది. ఆవిడంటే నాకు భయం. ఎవరూ వినలేనిది వినే మనిషి పక్కన మన పనితనం ఎంత? ఆ చెవి ఒక్కసారైనా తప్పితే బాగుండునని నాలో ఎక్కడో ఉందేమో. ఉందేమో కాదు. ఉంది.

రెండు వారాల తర్వాత స్టోరు గదిలో ఫోను పెట్టటానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ బల్ల ముందు కూర్చుని గాజుగుడ్డ మడతపెడుతున్నారు. నా అడుగులు విని తలెత్తారు. కాసేపు నన్ను పని చేసుకోనిచ్చి, అడిగారు.

"బాబూ, ఒక మాట అడగనా? మొహమాటపడకుండా చెప్పు."

"అడగండమ్మా."

"ఆ రోజు లైను మీద నిజంగా ఎవరూ లేరా?"

చేతిలో స్క్రూ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాను.

"లేరండీ. పాత తీగలు కదా. ఒక్కోసారి అలా హోరు వస్తుంది. మనిషి ఉన్నట్టే అనిపిస్తుంది."

ఆవిడ చెయ్యి గాజుగుడ్డ మీద ఆగింది. తర్వాత మెల్లిగా చెవి దగ్గరకి వెళ్ళింది, చెవి ఉందో లేదో చూసుకున్నట్టు.

"అలాగా. అయితే వయసు మీద పడింది. మనిషికీ హోరుకీ తేడా తెలియకపోతే ఇక ఆ కుర్చీలో కూర్చోకూడదు. వాళ్ళు చేసింది మంచి పనే." మళ్ళీ మడత మొదలుపెట్టారు. "అందరూ తప్పించుకు తిరుగుతున్నారు బాబూ. నువ్వొక్కడివే నిజం చెప్పావు. చల్లగా ఉండు."

చల్లగా ఉండు అన్నారు. మీరు విన్నారు కదా.

ఆ తర్వాత ఆ ఆసుపత్రికి నేను వెళ్ళలేదు. ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను. బాబాయి నాలుగేళ్ళ క్రితం పోయాడు. ఆయనకి తెలుసో తెలియదో కూడా నాకు తెలీదు. ఒకరోజు నా నల్ల టెస్టర్ చేతిలోకి తీసుకుని, పక్కలన్నీ బొటనవేలితో తడిమి, తిరిగి ఇచ్చేశాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా ఎలాగో మోసుకుంటూ చచ్చేదాకా లాగేవాణ్ణేమో. పోయిన నెల కంకిపాడులో ఒక ఎరువుల గోడౌను ఆఫీసులో ఫోన్ల పని చూడటానికి వెళ్ళాను. అయ్యాక బస్టాండు దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను. అక్కడ బల్ల మీద కరుణమ్మ గారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పక్కన ఆవిడ చెల్లెలు, ఆవిడా పెద్దమనిషే. నేను తేరుకునేలోపే కరుణమ్మ గారి సంచిలో సెల్ మోగింది. తీసి చెవిన పెట్టుకున్నారు. ఒక్క క్షణం. వెంటనే చెల్లెలి చేతికిచ్చేసి, ఎవరో నువ్వు చూడవే, నాకు సరిగ్గా తెలియదు అన్నారు. చెల్లెలు హలో అని, మన పాస్టరుగారే అక్కా అంది. నేనూ అదే అనుకున్నాను, కానీ మళ్ళీ పొరపాటైతే ఎందుకని, అన్నారు కరుణమ్మ గారు.

హలో అనకముందే మనిషిని చెప్పే ఆవిడ. వానని విన్న ఆవిడ. పాస్టరుగారి గొంతుకి సాక్ష్యం కావాల్సి వచ్చింది. ఈ పదకొండేళ్ళలో ఎన్ని ఫోన్లు అలా పక్కవాళ్ళ చేతికి వెళ్ళుంటాయో లెక్కవెయ్యండి. నేను వెయ్యలేకపోయాను. ఒక ఉద్యోగం మాత్రమే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్ళూ. చూపు లేని మనిషికి లోకం మొత్తం ఏ దారిన వస్తుందో ఆ దారి మీద రాయి అడ్డం పెట్టానని ఆ బల్ల పక్కన నిలబడితే గానీ నాకు తెలియలేదు.

టీ కొట్టతను నా వైపు చూస్తున్నాడు. అలవాటుగా, చక్కెర తక్కువ వెయ్యి అన్నాను.

ఆవిడ తల గబుక్కున తిరిగింది. సరిగ్గా నేనున్న వైపుకి. పదకొండేళ్ళయింది, బస్టాండు గోల, నా గొంతు కూడా లావయింది. అయినా తిరిగింది. ముఖం ఒక్కసారి వెలిగింది, బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఉండేదే ఆ ముఖం. ఈ గొంతు మన ఫోన్ల అబ్బాయిది కదూ, అన్నారు చెల్లెలితో. చెల్లెలు నన్ను ఎగాదిగా చూసి, ఏమో అక్కా, నాకేం తెలుసు అంది.

నేను నోరు తెరవలేదు. అవునమ్మా నేనే, అంటే చాలు. నేను చేసింది చెప్పక్కర్లేదు, క్షమాపణ అడగక్కర్లేదు. ఆ రెండు మాటలతో ఆవిడ చెవి ఆవిడకి తిరిగి వచ్చేది. మళ్ళీ ఊపిరి బిగబట్టాను. అదే పని. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నది సున్నా.

కాసేపు ఎదురుచూసి ఆవిడే తల తిప్పేసుకున్నారు. కాదులే, నా చెవి చెప్పింది నమ్మకూడదు, అన్నారు. ముఖంలో ఆ వెలుగు పోయింది. నేను గ్లాసు అలాగే వదిలేసి, మునివేళ్ళ మీద నడిచి బండి దగ్గరకి వెళ్ళాను. చప్పుడు చెయ్యకుండా వెళ్ళాననే అనుకున్నాను. ఆవిడకి ప్రతి అడుగూ వినపడే ఉంటుంది. విని, నమ్మి ఉండరు.

మేనేజరుకి కాగితం ఇచ్చేశాను. వినటానికి వేరే మీట లేని టెస్టర్ ఎంత అందంగా ఉన్నా కొనొద్దు, మ్యూట్ బటను చూపించి రెండూ ఒకటే అని చెప్పేవాణ్ణి నమ్మొద్దు అని రాశాను. బాగా రాశారండీ అన్నాడు. అందులో లేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఆవిడకి చేరుతుందో లేదో తెలీదు. చేరినా ఆవిడ చదవలేరు, ఎవరో చదివి వినిపించాలి. మీలో ఎవరైనా ఆ పని చేస్తారేమో అని ఆశపడటం కూడా తప్పించుకోవటమే, నాకు తెలుసు. కంకిపాడు నాకు గంట దూరం. బస్సులున్నాయి, బండి ఉంది. వెళతానని ఇక్కడ మాట ఇస్తే మీరు నన్ను మంచివాణ్ణి అనుకుంటారు, అందుకని ఇవ్వను. ఆవిడ ఏమంటారో ఊహించుకోవటం కూడా మానేశాను. నా ఊహల్లో ప్రతిసారీ క్షమించేస్తున్నారు. నాకు అంత అనుకూలంగా ఉన్నదాన్ని నేనిక నమ్మదల్చుకోలేదు. రాస్తుంటే మాత్రం ఛాతీలో గాలి కొంచెం ఆడుతోంది. నాకు దక్కింది అంతే, అదీ ఎక్కువే.

కరుణమ్మ గారూ, ఆ మధ్యాహ్నం లైను మీద మనిషి ఉన్నాడు. ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. మీరు విన్నారు. టీ కొట్టు దగ్గర మాట్లాడింది కూడా వాడే.